ఒకే నంబర్ మీద ఇద్దరు

గొల్లపల్లి శ్రీరంగం బావకు,

మీ ఊరి ఫోన్ టవర్ పనిచేయట్లేదు. అందుకే బస్సు డ్రైవర్ సుమన్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. చదవగానే షాపు వదిలేసి దేవె ఇంటికి వెళ్లు.

రక్తం పలచబడే మాత్రలు రోజుకు రెండు వేసుకోమని మా గుండె క్లినిక్ నుంచి నిన్న నీ ఫోన్‌కు దేవె పేరుతో మెసేజ్ వచ్చింది. అది గంగి రక్తం రిపోర్టు చూసి రాసింది. దేవె రక్తం ఇప్పటికే మరీ పలచగా ఉంది. ఇక ఒక్క మాత్ర కూడా వేసుకోవద్దని డాక్టర్ గారు చెప్పారు. రెండు వేసుకోవాల్సింది గంగి.

ల్యాబ్ కంప్యూటర్‌లో ఫోన్ నంబర్‌ను బట్టి మనిషిని గుర్తించే ఏర్పాటు చేసింది నేనే. ఊరంతా నీ నంబరే రాయిస్తుందని నాకు తెలుసు. మొన్న అమ్మ గ్యాస్‌కు నేనూ అదే రాయించాను. అయినా, ఒకే నంబరున్న దేవె, గంగి రిపోర్టులు కలిసిపోతాయని తట్టలేదు.

దేవె ఒప్పుకోదు. "డాక్టర్ రాసింది, నడుమ నీదేంది?" అంటది. నీ షాపులో నన్ను "కంప్యూటర్ డాక్టర్" అని ఎగతాళి చేస్తది కదా, ఆ డాక్టరే బతిమాలుతున్నాడని చెప్పు.

ఇదే బస్సులో ఆమెను తీసుకురా, రక్తం మళ్లీ చూడాలి. ఆమె దిగేదాకా స్టాండులోనే ఉంటాను.

నీ బామ్మర్ది