కాదనే కుర్చీ

అత్తకు నమస్కారాలు.

నేను క్షేమం. నువ్వూ క్షేమమేనని నిన్న ఫోన్లో నన్ను తిట్టిన తీరును బట్టి తెలిసింది.

డబ్బు మాట ఎత్తగానే "కాగితం మీద రాయి" అని ఫోన్ పెట్టేశావు. రాస్తున్నాను. జీతంలో సగం ఒకటో తారీఖున నీకు పంపాలి, అందులోంచి పైసా కావాలన్నా ఉత్తరంలోనే అడగాలి, జవాబు కూడా ఉత్తరంలోనే వస్తుంది. ఇలాంటి రూలు ఈ లోకంలో ఏ బ్యాంకుకూ లేదు. ఫోన్లో నా గొంతు వింటే నీకు జాలి వేస్తుందట, కాగితానికి గొంతు ఉండదట. పైగా ఉత్తరం వెళ్లి జవాబు వచ్చేలోపు సగం కోరికలు వాటంతట అవే చస్తాయట.

ఇది చచ్చే కోరిక కాదు. మా కంపెనీ ఫ్రిజ్జుల నుంచి బట్టల దాకా అన్నీ వాయిదాల మీద ఇస్తుందని నీకు తెలుసు. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి కాదనాలో తేల్చే మంజూరు కుర్చీ నెలాఖరుకు ఖాళీ అవుతోంది. కళ్లద్దాల పెద్దాయన రిటైరవుతున్నారు. ఆ కుర్చీ దక్కితే జీతం దాదాపు రెట్టింపు. దక్కకపోతే దరఖాస్తులకు పిన్నులు కొట్టుకుంటూ ముసలివాణ్ణయిపోతాను. పోటీలో నేనూ, పక్క బల్ల దగ్గరి రసీదుల అమ్మాయీ ఉన్నాం. నేను రోజూ వీడియోల్లో చూసే ఉద్యోగ గురువు గారు, ఏ కుర్చీ కావాలో దానికి తగ్గట్టు ముందే తయారై తిరగమన్నారు. కాబట్టి ఒక కోటు కొనుక్కోవాలి. నా డబ్బు నాకే పంపు, పుణ్యముంటుంది.

ఇట్లు,
ఆస్తి నీ దగ్గర, ఆకలి తన దగ్గర ఉన్న నీ మేనల్లుడు

తా.క. గురువు గారు మాత్రం వీడియోల్లో బనియన్‌తోనే కనిపిస్తారు. ఆ స్థాయికి చేరాక కోటు అక్కర్లేదట.

* * *

కోటు లేని కోటీశ్వరుడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నవ్వడానికి, ఒకసారి లెక్క చూడటానికి. కాదు.

ఎందుకు కాదో కూడా చెబుతాను. బట్టల కొట్టు గల్లాపెట్టె దగ్గర ఇరవై ఏళ్లు కూర్చున్నదాన్ని. కోటు కొన్నవాడు కోటుకు తగ్గ బూట్ల కోసం వస్తాడు, బూట్లకు తగ్గ బెల్టు కోసం వస్తాడు, ఆఖర్న కోటు వెనక్కి తీసుకుంటారా అని అడగడానికి వస్తాడు. పోయినేడు పొట్ట తగ్గితే జీతం పెరుగుతుందని వ్యాయామం సైకిలు కొన్నావు. ఇప్పుడు దాన్ని నీ తడి తువ్వాలు తొక్కుతోంది. అంతకుముందు పరాయి భాష నేర్చుకుంటే పెద్ద ఉద్యోగాలు వస్తాయని బళ్లో చేరి, "మంచినీళ్లు ఎక్కడ" అనే పాఠం దాకా వెళ్లి ఆగిపోయావు. దాహం తీరింది కాబోలు.

నీ జబ్బు కోటు లేకపోవడం కాదురా. ఎవరేమడిగినా కాదనలేకపోవడం. అమ్మేవాడు కొనమంటే కొంటావు, స్నేహితుడు అప్పడిగితే ఇంకెవరి దగ్గరో తెచ్చి మరీ ఇస్తావు. అలాంటివాణ్ణి మంజూరు కుర్చీలో కూర్చోబెడితే మీ కంపెనీ నెల తిరక్కుండా ఫ్రిజ్జులన్నీ పంచిపెట్టి తాళం వేసుకుంటుంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత ఉంది. నీకింకా పెళ్లి కాలేదు కాబట్టి రాయడం లేదు.

ఉన్న చొక్కా ఇస్త్రీ చేసుకో. మళ్లీ ఏమైనా కావాలంటే మొహమాటపడకుండా రాయి, నేనూ మొహమాటపడకుండా కాదంటాను.

ఇట్లు,
నీ డబ్బుకు కాపలా, నీ అత్త

తా.క. దగ్గు తగ్గిందా? వేడి నీళ్లు తాగు. వేడి నీళ్లకు గురువు అక్కర్లేదు.

* * *

న్యాయమూర్తి అత్తకు నమస్కారాలు.

నువ్వు కాదంటావని తెలిసి, నీ జవాబు రాకముందే కోటు కొనేశాను. మా కంపెనీలోనే, వాయిదాల మీద. దరఖాస్తు రాసిందీ నేనే, తీసుకుందీ నేనే, పిన్ను కొట్టిందీ నేనే. కళ్లద్దాల పెద్దాయన తలెత్తకుండా సంతకం పెట్టారు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. కోటు వేసుకుని ఆఫీసుకు వెళ్లగానే మేనేజరు పక్కకు పిలిచి, ఏ కంపెనీలో ఇంటర్వ్యూ అని చాలా బాధగా అడిగారు. ఎక్కడా లేదన్నా నమ్మలేదు. రసీదుల అమ్మాయి అప్పుడే నా స్టేప్లర్ తీసేసుకుని, నా బల్ల కిటికీ వైపు జరుపుకుంటే గాలి ఎలా వస్తుందో చూసుకుంటోంది.

అసలు సంగతి విను. కళ్లద్దాల పెద్దాయన ఇన్నేళ్లలో ఎవరినీ కాదనలేదట. తీసుకున్నవాళ్లలో సగం మంది వాయిదాలు కట్టడం లేదు. అందుకని మేనేజరు మా ఇద్దరికీ పరీక్ష పెట్టారు. వాషింగ్ మెషిన్ అడిగిన ఒకాయనకు ఇవ్వలేమని చెబుతూ ఉత్తరం రాయాలి. ఆయన నొచ్చుకోకూడదు, రేపు స్తోమత వచ్చాక మళ్లీ మా దగ్గరకే రావాలి. రెండు రోజులు కూర్చుని రాశాను. ఎలా మొదలుపెట్టినా చివరికి "తప్పకుండా ఇస్తాం" అనే తేలుతోంది. గురువు గారి దగ్గర "కాదనడం ఎలా" అని ఒక తరగతి ఉంది. దాని ఫీజు పంపు. ఇది ఖర్చు కాదు, పెట్టుబడి.

ఇట్లు,
కోటులో ఉడికిపోతున్న నీ మేనల్లుడు

తా.క. ఫీజు మరీ ఎక్కువండీ అన్నాను. ఇంకో తరగతి కూడా కలిపి చేరితే తగ్గిస్తామన్నారు. సరేనన్నాను.

* * *

కాదనడం నేర్పే బడికి కాదని చెప్పలేక రెండు తరగతుల్లో చేరిన మహానుభావుడికి ఆశీస్సులు.

కాదు. ఇదిగో, నీ మొదటి పాఠం అయిపోయింది. ఫీజు లేదు.

రెండో పాఠం కూడా రాస్తాను, ఎలాగూ రెండింట్లో చేరావు కదా. కాదనే మాట మొట్టమొదటే చెప్పాలి. చివరిదాకా దాచితే ఎదుటివాడు ఆశపడతాడు, ఆశపెట్టి కాదనడం పాపం. తర్వాత కారణం చెప్పాలి, అబద్ధం లేకుండా. ఆ తర్వాత వాడి మంచీ చెడ్డా అడగాలి. కాదన్నది వాడి కోరికను, వాణ్ణి కాదు. ఆ తేడా తెలిస్తే వాడు తలెత్తుకునే వెళ్తాడు. ఇంతే. దీనికి నెల రోజుల తరగతి పెట్టినవాడు ఎవడో కాని, వాడు బాగుపడతాడు.

ఇట్లు,
బనియన్ లేని గురువు, నీ అత్త

తా.క. కోటు వాయిదా తప్పితే మీ కంపెనీ నీకు నోటీసు పంపుతుంది కదా. అది రాసేదీ నువ్వే, పిన్ను కొట్టేదీ నువ్వే, అందుకుని కంగారుపడేదీ నువ్వే. తపాలా ఖర్చయినా మిగులుతుంది.

* * *

దేవతలాంటి అత్తకు సాష్టాంగ నమస్కారాలు.

మొదటి పరీక్ష నెగ్గాను! ఏదో అలా రాసేశాను. వాషింగ్ మెషిన్ ఆయన ఉత్తరం చదువుకుని, పళ్లు పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. తనను ఇంత ఆప్యాయంగా ఎవరూ కాదనలేదని మేనేజరు చేతులు పట్టుకున్నాడట. రసీదుల అమ్మాయి నా స్టేప్లర్ తిరిగి ఇచ్చేసింది. ఇంకొక్క పరీక్ష శుక్రవారం ఉంది. అది కూడా నెగ్గితే కుర్చీ నాదే.

ఇక నా అవసరాలు. నాకు వెంటనే ఒక పడవ కావాలి. ఒక గుర్రం కూడా కావాలి. ఇవ్వననే అంటావని నాకు తెలుసు, అందులో నీ తప్పేమీ లేదు. కాకపోతే కాదనేటప్పుడు కారణాలు కాస్త వివరంగా, చదివేవాడి మనసు నొచ్చుకోకుండా రాయి. పడవకు ఒక కాగితం, గుర్రానికి ఒక కాగితం. ఒకవైపే రాసి, పక్కన అంచు వదులు.

ఇట్లు,
నీ తిట్ల కోసం ఎదురుచూస్తున్న నీ మేనల్లుడు

తా.క. శుక్రవారం లోపల అందాలి. గుర్రం ఆగుతుంది, పడవకే తొందర.

* * *

నా బంగారు తండ్రికి వెయ్యి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. నువ్వుండేది మూడో అంతస్తు. పడవ ఎక్కడ కడతావు? గుర్రం మెట్లెలా ఎక్కుతుంది? చాలాసేపు ఆలోచించాక అర్థమైంది. అప్పులవాళ్లు తరుముతున్నారు, నువ్వు పడవెక్కి పారిపోదామనుకుంటున్నావు, పడవ దొరక్కపోతే గుర్రం మీద. పిచ్చివాడా, ఇంత కష్టంలో ఉండి కూడా అంచు వదలమని అడుగుతున్నావే.

తప్పంతా నాది. ప్రతిదానికీ కాదు కాదని నిన్ను ఈ గతికి తెచ్చాను. నీ డబ్బు మొత్తం పంపేశాను, నాది కూడా కొంత కలిపాను. ముందు అప్పులు తీర్చు. మిగిలితే పడవా కొనుక్కో, గుర్రమూ కొనుక్కో. ఇకనుంచి నువ్వేమడిగినా కాదనను. ఒట్టు.

ఇట్లు,
కళ్లు తుడుచుకుంటూ నీ అత్త

తా.క. గుర్రం తెల్లది తీసుకో. మాపు కనబడితే అప్పుడప్పుడైనా కడుగుతావు.

* * *

అత్తా, కొంప ముంచావు.

నమస్కారాలు తర్వాత పెడతాను. పుట్టి బుద్ధెరిగాక నిన్ను ఎన్నో అడిగాను, ఒక్కటీ ఇవ్వలేదు. నువ్వు కాదంటే చాలు అనుకున్న ఈ ఒక్కసారీ అవునన్నావు. ఇదేం పోయేకాలం?

దాచి లాభం లేదు. మొదటి పరీక్షలో నేను రాసింది నీ ఉత్తరమే. నువ్వు కోటు గురించి రాసిందాంట్లో కోటు తీసేసి వాషింగ్ మెషిన్ పెట్టాను. కంగారులో తా.క. కూడా ఎక్కించేశాను. ఆయనకు నిజంగానే దగ్గు ఉందట. రెండో పరీక్షలో పడవ అడిగిన ఒకరికీ, గుర్రం అడిగిన ఇంకొకరికీ కాదని రాయాలి. నువ్వు తిడతావు, నేను ఎక్కించుకుంటాననుకున్నాను. తీరా నీ కవరు విప్పితే వెయ్యి ఆశీస్సులు.

గతిలేక సొంతంగా రాశాను. "మీకు పడవ ఇవ్వలేం, కాని గుర్రం ఇస్తాం" అని ఒకటి, "మీకు గుర్రం ఇవ్వలేం, కాని పడవ ఇస్తాం" అని ఇంకొకటి. మేనేజరు రెండూ చదివి, మొదటి ఉత్తరం తీసి పక్కన పెట్టి, "ఇది రాసిందెవరు బాబూ?" అన్నారు. నేనే అందామనుకున్నాను. ఆయన చాలా మర్యాదగా అడిగారు అత్తా. నీ చిరునామా రాసి ఇచ్చేశాను.

ఆయన నీకు రాస్తే, కాదనడం మావాడికి పుట్టుకతోనే వచ్చిందని ఒక్క ముక్క చెప్పు. సోమవారం తేలిపోతుంది. పిన్నులు కొట్టుకుంటూ బతకడం నా వల్ల కాదు. ఎగతాళిగా అనడం లేదు, భయమేస్తోంది.

ఇట్లు,
నీ దయ వల్ల మునిగిన నీ మేనల్లుడు

తా.క. డబ్బు వచ్చిందని ఎవరికీ చెప్పలేదు. ఒక స్నేహితుడు అడిగితే మాత్రం ఉందన్నాను.

* * *

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

మీ మేనేజరు రాయలేదు, స్వయంగా వచ్చాడు. నా కుట్టుమిషను ముందున్న స్టూలు మీద సర్దుకుని కూర్చుని, మంజూరు కుర్చీలో మీరే కూర్చోవాలన్నాడు. అలవాటు కొద్దీ కాదన్నాను. అది మా మేనల్లుడు ఆశపడుతున్న కుర్చీ అని కారణం చెప్పాను. ఎండన పడి వచ్చారు, కాసిని మంచినీళ్లు తాగుతారా అని అడిగాను. ఆయన నీళ్లు తాగి, "చూశారా, ఇందుకే మీరు కావాలి" అన్నాడు.

ఒప్పుకున్నాను.

నీ నోటి దగ్గరది లాక్కున్నానని నాకు కష్టంగానే ఉందిరా. నీకు చెప్పని మాట ఒకటుంది. కొట్టు మూసేశాక ఈ రెండేళ్లలో నేను పని కోసం ఎక్కని గుమ్మం లేదు. ఈ వయసులో మీకెందుకమ్మా అన్నవాళ్లే అందరూ. ఒక్కడైనా కూర్చోమని చెప్పి కాదనలేదు. కాదనడానికి కూడా ఒక మర్యాద ఉంటుందని అలా నిలబడి నిలబడి నేర్చుకున్నాను. ఏ తరగతిలోనూ కాదు. నా వయసు వాళ్లకు మళ్లీ ఇలాంటి కుర్చీ దొరకదు. నీకు దొరుకుతుంది. ఈలోగా నా పక్క బల్ల మీద పని చెయ్యి, రోజుకు ఒక్కరికైనా నీ నోటితో కాదని చెప్పు. నేను వింటాను. నీకు ఆ మాట వచ్చిన రోజున ఆ కుర్చీ నీకిమ్మని నేనే రాసిస్తాను, అందులో ఎగతాళి ఉండదు.

ఆఫీసులో నన్ను అత్తా అని పిలవకు. దరఖాస్తుదారులు భయపడతారు.

ఇట్లు,
ఇంట్లో నీ అత్త, సోమవారం నుంచి నీ పై అధికారి

తా.క. మకాం నీ గదిలోనే. కిటికీ పక్క మంచం నాది, సైకిలు బయట పెట్టెయ్. ఇష్టం లేకపోతే మొహమాటపడకుండా కాదని ఉత్తరం రాయి. అది ఇక్కడికి చేరేసరికి నేను అక్కడికి చేరి ఉంటాను.