మెట్ల పైన స్నానాలగది

నెల్సన్,
19 మార్చి 1972, ఆదివారం.

ప్రియమైన ఎనిడ్‌కి,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఇవాళ ఆ మాట రాసి ఒకసారి ఇల్లంతా చూశాను. అందరం అంటే నేనొక్కణ్ణే. కాబట్టి నేను క్షేమం. దగ్గు తగ్గింది, మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. నువ్వు కులాసాగా ఉన్నావని మొన్న గురువారం నా కళ్ళతో చూశాను గనక నిన్ను అడగనక్కర్లేదు, అయినా అడుగుతున్నాను. రాత్రిళ్ళు తుంటి నొప్పి ఎలా ఉంది? ఆ కోలుకునేవాళ్ళ ఆసుపత్రిలో సముద్రం వైపు కిటికీ మూస్తున్నారా, లేక ఆ మేట్రన్ మంచి గాలి మంచి గాలి అంటూ మిమ్మల్నందరినీ చలికి వణికిస్తోందా?

నీ ఉత్తరం నిన్న అందింది. అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తున్నాను, తర్వాత ఎగ్గొట్టానని అనకు.

తింటున్నాను. ఆదివారాలు పక్కింటి డోరిస్ మాంసం, బంగాళాదుంపలు వేసి వండిన కుండ తెచ్చి పెడుతోంది. అది బుధవారం దాకా వస్తుంది. ఉప్పు ఎక్కువ వేస్తుంది, నీకు తెలిసిందే. అన్నానంటే కుండ రావడం మానేస్తుందని నోరు మూసుకుని తింటున్నాను.

గుమ్మం మెట్టు రాయి పెట్టి రుద్దుతున్నావా అని అడిగావు. రుద్దుతున్నాను. మన వీధిలో మగవాడు మోకాళ్ళ మీద కూర్చుని మెట్టుకి తెల్లంచు దిద్దడం ఎవరూ చూసి ఎరగరు కాబట్టి, మొదట్లో అందరూ లేవకముందే ఆ పని కానిచ్చేవాణ్ణి. ఒకరోజు డోరిస్ చూసేసింది. "ఏంటి విల్ఫ్, ఎనిడ్ నీకు లంగా కూడా వదిలి వెళ్ళిందా?" అంది. ఇప్పుడు పట్టపగలే రుద్దుతున్నాను. అంచు మాత్రం నీ చేతికి వచ్చినంత తిన్నగా రావడం లేదు.

నీ కుట్టుమిషన్ భద్రంగా ఉంది. మన పడకగదిలో నా మంచం పక్కనే పెట్టి దుప్పటి కప్పాను. తెల్లవారగానే మెలకువ వస్తే, అటు తిరిగి ఎవరో కూర్చున్నారనుకుంటాను.

ఇక చివరి ప్రశ్న. స్నానాలగది ఎంతవరకూ వచ్చింది, ఎక్కడ కడుతున్నారు, ఆ ప్లంబరు గ్రిమ్‌షా ఎందుకింత ఆలస్యం చేస్తున్నాడు అని అడిగావు. పోయినసారి గొట్టాలు రాలేదని రాశాను. అంతకుముందు గ్రిమ్‌షాకి జలుబని రాశాను. గురువారం నువ్వు మొహం మీదే అడిగితే బస్సుకి వేళయిందని లేచాను. బస్సుకి ఇంకా నలభై నిమిషాలుంది ఎనిడ్. ఆ నలభై నిమిషాలూ గాలిలో బెంచీ మీద కూర్చున్నాను.

గ్రిమ్‌షాకి జలుబు లేదు. గొట్టాలు సరిగ్గా చెప్పిన రోజుకే వచ్చాయి. స్నానాలగది పూర్తయి మూడు వారాలయింది.

మంచి గది. తెల్ల పింగాణీ తొట్టి, చేతులు కడుక్కునే బేసిను, గొలుసు లాగితే గుర్రున నీళ్ళు పడే కుండీ, వేడినీళ్ళకి వేరే కుళాయి. ఈ ఇల్లు విక్టోరియా రాణిగారి కాలంలో కట్టిన దగ్గర్నుంచీ మొదటిసారిగా వానలో పెరడు దాటకుండా మరుగుదొడ్డికి వెళ్ళే భాగ్యం కలిగింది. ఊరి కౌన్సిలు మనిషి వచ్చి, అన్ని కుళాయిలూ తిప్పి చూసి, భేషుగ్గా ఉందని సంతకం పెట్టి వెళ్ళాడు. ఆ రోజే నీకు రాయవలసింది. కాగితం తీశాను కూడా.

ఆ తొట్టిలో ఒక్కసారి స్నానం చేశాను. శుక్రవారం, మన వారానికోసారి లెక్క ప్రకారమే. పొయ్యి ముందు రేకు తొట్టిలో కూర్చుంటే నువ్వు వీపు రుద్దుతూ వీధిలో కబుర్లన్నీ చెప్పేదానివి కదా. ఇక్కడ నీళ్ళు మెడదాకా ఉన్నాయి, పొగలు కక్కుతున్నాయి, చుట్టూ తెల్లగోడలు. సబ్బు జారి కాళ్ళ దగ్గర పడింది. అలవాటు కొద్దీ "కాస్త అందించు" అన్నాను. నా గొంతు నాకే తిరిగొచ్చింది. నీళ్ళు చల్లారకముందే లేచి వచ్చేశాను. మళ్ళీ అందులో దిగలేదు. రేకు తొట్టే పొయ్యి ముందుకి లాక్కుంటున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఆ గది ఎక్కడుందో చెప్పలేదు కదా. మేడమీద ఉంది, నువ్వు బట్టలు కుట్టుకునే వెనకగదిలో. పదమూడు మెట్ల పైన.

ఇంకో మాట కూడా దాచాను. నవంబరులో నువ్వు మరుగుదొడ్డికి వెళ్తూ పెరట్లో మంచు మీద జారిపడ్డాక, రెండో ఆపరేషన్ అయిన రోజున డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. "మీ ఆవిడ నడుస్తుందండీ. చేతికర్రతో ఇంట్లో తిరుగుతుంది. మెట్లెక్కడం మాత్రం ఇక ఆవిడ వల్ల కాదు. ఆశ పెట్టుకోకండి, ఆవిడకీ పెట్టకండి," అన్నాడు. నేను తలూపాను. లోపలికొచ్చి నీతో, ఈస్టరుకల్లా ఎగిరి గంతులేస్తావట అన్నాను. నువ్వు నవ్వావు. ఆ నవ్వు చూశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు.

జనవరిలో గ్రిమ్‌షా వచ్చి ముందుగది తలుపు తీసి చూశాడు. "పెద్దాయనా, ఇక్కడ కడదాం. అమ్మగారికి కాలు బాగోలేదంటున్నారు. మెట్ల బాధుండదు," అన్నాడు. ఆ మనిషికున్న బుద్ధి నాకు లేకపోయింది. ముందుగదిని చూస్తే నాకు పియానో కనబడింది, నువ్వు శుక్రవారం శుక్రవారం తోమే, చలిపొయ్యి ముందరి ఇత్తడి కంచె కనబడింది, లేసు తెరలు కనబడ్డాయి. మనం క్రిస్మస్‌కి, పాదిరిగారు వచ్చినప్పుడు తప్ప కూర్చోని సోఫా కనబడింది. నలభై ఏళ్ళలో నేను బూట్లతో అడుగుపెట్టని గది. ఆసుపత్రి బండి ఎక్కుతూ కూడా "నా ముందుగది జోలికి పోకు" అన్నావు. వీధివైపు కిటికీ పక్కన మరుగుదొడ్డి పెట్టిన ఇల్లు అని జనం అనుకుంటారేమోనని భయమేసింది. అంతకన్నా పెద్ద భయం ఇంకోటుంది. కింద కట్టు అని నా నోటితో అంటే, నువ్వు మెట్లు ఎక్కలేవని ఒప్పుకున్నట్టే. "పైనే కట్టవయ్యా, ఈస్టరుకల్లా మా ఆవిడ పరిగెడుతుంది," అన్నాను. గ్రిమ్‌షా నా వంక ఒకసారి చూసి, సంచీ తీసుకుని పైకి వెళ్ళాడు.

గురువారం నువ్వు చేతికర్రతో ఆరడుగులు వేసి చూపించావు. "గ్రిమ్‌షాని తొందరపెట్టు విల్ఫ్, మెట్ల కోసమే నేర్చుకుంటున్నా," అన్నావు. ఆ తర్వాత మేట్రన్ నన్ను గుమ్మం దగ్గర ఆపింది. "కిందనే స్నానాలగది ఉందని ఒక్క ముక్క రాసివ్వండి, మర్నాడే పంపిస్తాం. లేదంటే ఆవిడ్ని ఇక్కడే ఉంచేయాల్సొస్తుంది," అంది. అబద్ధం రాసివ్వొచ్చు. రాసిస్తే నిన్ను తెచ్చి ఎక్కడ పెట్టను?

ఇంటికొచ్చి దీపం కూడా పెట్టకుండా మెట్ల దగ్గరికి వెళ్ళాను. నీలాగే ఎడమకాలు ఈడ్చుకుంటూ, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో మెట్ల కమ్మీ పట్టుకుని ఎక్కి చూశాను. ఏడో మెట్టు దగ్గర కూలబడ్డాను. నా రెండు కాళ్ళూ బాగానే ఉన్నాయి. అయినా ఆ నడకతో ఏడో మెట్టు దాటలేకపోయాను. అక్కణ్ణించి చూస్తే మూసి ఉన్న ముందుగది తలుపు కనబడుతుంది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఏడ్చాను కూడా. ఎవరూ లేరుగా చూడటానికి.

మర్నాడు పొద్దున్నే గ్రిమ్‌షా ఇంటికి వెళ్ళి తలుపు కొట్టాను. అంతా విన్నాడు. "ముందే చెప్పానా లేదా," అని ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. "ముందుగది నేల తవ్వి, గొట్టం వంటింటి కిందుగా పెరట్లోకి తీసుకెళ్ళాలి. తొట్టి కిందికి దింపడానికి నలుగురు కావాలి. సోమవారం వస్తా. టీ గట్టిగా పెట్టండి," అన్నాడు. గది లోపలి సగంలో స్నానాలగది, మధ్యలో చెక్కగోడ, కిటికీ వైపు సగంలో మన మంచం. మేడమీద ఇక మనకి పని లేదు.

పియానోని నిన్న బడిపిల్లల కోసం చర్చివాళ్ళు పట్టుకుపోయారు. సోఫా ఒక్కణ్ణే బయటికి ఈడుస్తుంటే వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. డోరిస్ చేతులు కట్టుకుని నిలబడింది.

"మతిపోయిందా నీకు? ముందుగదిలో మంచం, మరుగుదొడ్డీనా?"

"అవును."

"ఎనిడ్ నిన్ను బతకనిస్తుందా?"

"చూద్దాం."

"అది కాదు విల్ఫ్. మీ అమ్మ పోయినప్పుడు అక్కడే పడుకోబెట్టాం. ఎనిడ్ వాళ్ళ నాన్ననీ అక్కడే పెట్టి నలుగురికీ చూపించాం. రేపు మీలో ఎవరన్నా పోతే ఎక్కడ పెడతారు?"

సోఫా కొస కింద పెట్టేశాను. ఆవిడ తప్పుగా అడగలేదు. ఈ వీధిలో ప్రతి ఇంటి ముందుగదీ దానికోసమే శుభ్రంగా ఉంటుంది. నాకే అప్పటిదాకా తట్టలేదు.

"నేను చేసిందీ అదే డోరిస్," అన్నాను. "రేపొచ్చే శవానికి గది దాచిపెట్టి, బతికున్న మనిషికి ఇంట్లో చోటు లేకుండా చేశాను."

ఆవిడ వచ్చి సోఫా రెండో కొస పట్టుకుంది.

ఇదీ సంగతి. నువ్వు మెట్లు ఎక్కలేవన్న మాట ఇన్నాళ్ళూ నీ దగ్గర దాచాను. అది నీ కాలు, నీకు ముందు తెలియాల్సిన మాట. ఈ ఉత్తరం చదివి నువ్వు ఒక్కదానివే ఏడుస్తావని తెలిసి కూడా రాస్తున్నాను, ఎదురుగా చెప్పే ధైర్యం లేక. నీ ముందుగదిని నిన్నడగకుండానే తవ్విస్తున్నాను. ఈ రెండింటికీ నన్ను ఏమన్నా పడతాను. కోపంలో ఉత్తరం రాయకు ఎనిడ్, నువ్వు రాస్తే మర్యాదగా రాస్తావు. ఈ ఇంట్లో నన్ను తిట్టే గొంతు వినపడి నాలుగు నెలలయింది. తిట్టడానికే ఇంటికి రా.

ఇట్లు,
నీ రాక కోసం కళ్ళలో ఒత్తులు వేసుకుని కూర్చున్న
నీ భర్త,
విల్ఫ్