నిద్రపట్టే గది

జూన్ 2, సోమవారం
బావ పోయిన దగ్గర్నుంచి అక్కకి నిద్ర లేదు. మాత్రలు, వేడి పాలు, పాత పాటలు, ఏవీ పనిచేయలేదు. నా ఆఫీసుకి దగ్గరని కొండ కింద ఈ ఇంటికి మారాం. వీధి కన్నా పల్లంలో ఒక గది ఉంది. అక్క అందులో నేల మీద చాప పరుచుకుంది, పడుకోగానే గురక. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటూ నవ్వింది. తను నవ్వి ఎన్నాళ్లయిందో.

జూన్ 5
కింద గదిలో మొన్న ఒలికిన పంచదార అలాగే ఉంది. ఒక్క చీమ రాలేదు.

జూన్ 9, సాయంత్రం
అక్కకి రోజూ లేవగానే తలనొప్పి. అనుమానమొచ్చి ఆఫీసు మీటర్ తెచ్చాను. కొండలోంచి వచ్చే గ్యాసులు కొలవడం నా ఉద్యోగం. కోడిగుడ్డుకి ఈకలు పీకడం అంటుంది అక్క. నిలబడి పట్టుకుంటే రీడింగ్ నార్మల్. చాప మీద పెట్టగానే అలారం మోగింది. కార్బన్ డయాక్సైడ్. గాలి కన్నా బరువు, నీళ్లలాగే పల్లానికి చేరుతుంది.

అంటే అక్కది నిద్ర కాదు.

జూన్ 10
శాంపిల్ రన్ చేశాం. ఐసోటోపులు చూసి, ఇది సున్నపురాయి గ్యాసు అన్నారు మా బాస్. కోట్ల ఏళ్ల కిందటి గవ్వలు సముద్రం అడుగున రాయయ్యాయి. ఆ రాయి నేల పలకతో పాటు భూమి లోపలికి జారింది. అంత వేడిలో, అంత ఒత్తిడిలో కూడా కొంత చెక్కుచెదరకుండా ఇంకా లోతుకి పోతుంది, దాన్లో కార్బన్ ఎక్కడో వజ్రమవుతుంది. మిగతాది కరిగి, గ్యాసై, పగుళ్లు వెతుక్కుంటూ పైకి వస్తుంది. ఎప్పుడో చచ్చిన ప్రాణుల కార్బన్ అక్క పీలుస్తోంది. 

అక్కకి చెబితే, వజ్రాలు ఎవరికో, గ్యాసు మనకా అంది. వెళ్లి పడుకుంది.

జూన్ 11
ఇల్లు ఖాళీ చేయమన్నారు బాస్. శనివారానికి వ్యాన్ మాట్లాడాను. అక్క ససేమిరా అంది. ఇన్నాళ్లకి దొరికిన నిద్ర లాక్కుంటున్నానట. ఎవరు పెద్దో మర్చిపోయానట. అవును, మర్చిపోయాను. చాప చుట్టి పై గదిలో పడేసి, కింద గదికి తాళం వేశాను.

జూన్ 12
పై గదిలో చాప మీద కూడా నార్మల్. మీటర్ వెనక్కి ఇచ్చేశాను.

అక్కకి కంటిమీద కునుకు లేదు. మూతి ముడుచుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది.  అలా కళ్లు తెరుచుకుని ఉంటే నాకెంత ధైర్యంగా ఉందో తనకి తెలీదు.

జూన్ 13, మధ్యాహ్నం
ముసురు. ఆకు కదలడం లేదు. అక్క చలి అంటే కిటికీలు మూశాను. బాస్ ఫోన్ చేశారు. కొండ మీద రీడింగులు ఉన్నట్టుండి పెరిగాయట, రేపటిదాకా ఆగొద్దు, ఇవాళే బయటపడండి అన్నారు. వ్యాన్ అతను నాలుగింటికల్లా వస్తానన్నాడు. అక్కా నేనూ పై గదిలో నేల మీద కూర్చుని బట్టలు సర్దుతున్నాం. తలనొప్పిగా ఉంది. ఈ గొడవలన్నిటివల్లేనేమో.

అదే రోజు
అక్క నిద్రపోయింది. ఇక్కడే, పై గదిలోనే, బట్టల మూట మీద తల పెట్టి. ఎంత హాయిగా ఉందో మొహం. వ్యాన్ హారన్ ఇందాకట్నుంచీ మోగుతోంది. ఈ ముక్క రాసి లేపుతాను. తొందరేముంది.