లాకు దాటిన ఎర్రచుక్కలు

తాతయ్యకి,

నమస్కారం. నేను బాగానే ఉన్నాను, మా హాస్టల్ ఫ్యానే బాగాలేదు. నువ్వూ అమ్మమ్మా కులాసాగా ఉన్నారనుకుంటాను.

నీతో ఒక పని పడింది. మలుగులు తెలుసుగా, పాముల్లా మెలికలు తిరిగే చేపలు. వాటి పిల్లలు సముద్రంలో పుట్టి, గాజుముక్కల్లా ఒళ్లంతా తేటగా, ఏటికి ఎదురీదుకుంటూ, నువ్వు పడవల్ని పై నీళ్లకి ఎక్కించే మీ లాకు దాకా వస్తాయి. ఇక్కడ ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక ఫ్యాక్టరీ మురుగుకాలువ కలుస్తోంది. అందులో పాదరసం ఉంది. ఆ నీళ్లు తాకిన పిల్లలకి పైకి పోవాలన్న ఊపు చచ్చిపోతోందని నా అనుమానం. వాటికి ఎర్రచుక్క, మంచినీళ్లలోవాటికి నీలిచుక్క పెట్టాం; మాకు చదువు చెప్పే మేడమ్ వాటిని జీపులో పంపి మీ లాకు కింద వదిలించారు.

నువ్వు లాకు గోడకి తడి నారచాప వేలాడదీసి, పైన తొట్టి పెట్టు. చాప పట్టుకుని ఎక్కినవి తొట్టిలో పడతాయి. తొట్టిలో ఏ రంగువి ఉన్నాయో చూసి, పై నీళ్లలో వదిలేసి, నాకు రాయి. ఎర్రవి ఎక్కలేవని తేలితే వచ్చే నెల అధికారుల సమావేశంలో ఆ కాలువ మూయించొచ్చు. తేలకపోతే కాలువ పారుతూనే ఉంటుంది, నేను చదువు మానేసి ఇంటికి వచ్చేస్తాను.

నీ మనవరాలు

తా.క. వాటికి పేర్లు పెట్టకు.

*

చిరంజీవి పాదరసానికి,

తాత దీవెనలు. ఒకచోట కుదురుగా కూర్చోవని చిన్నప్పుడు మేం పెట్టిన పేరు. ఇప్పుడు దానిమీదే చదువు! పాదరసం ఒంట్లో ఉంటే మందకొడిగా ఉంటారంటే నేను నమ్మను, నిన్ను పెంచినవాణ్ణి.

చాప వేశాను. నీలిచుక్కలు బడికి ఆలస్యమైనట్టు పరుగులు. తొట్టిలో చూస్తే నీలివీ ఉన్నాయి, ఎర్రవీ ఉన్నాయి. అందరూ పాసే! మీ మేడమ్‌కి చెప్పు.

ఇట్లు, లాకుల తాత

తా.క. మీ అమ్మమ్మ టీ జల్లెడ కనపడటం లేదు. పక్కింటావిడ మీద అనుమానం.

*

తాతయ్యకి,

ఎర్రవి ఎక్కడమేమిటి? ఇక్కడ అవి తొట్టి అడుగున పడుంటాయి, కదిపితే గాని కదలవు. మేడమ్ కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. ఆ చూపు నీకు తెలీదు. ముందు బెంచీలో కూర్చున్నవాళ్లని కూడా వెనక బెంచీకి పంపిస్తుంది. చుక్కలు సరిగ్గా చూశావా? నీ కళ్లజోడు పెట్టుకున్నావా? ఇంకో విడత వదులుతున్నాం.

నీ మనవరాలు

తా.క. పేర్లు పెట్టావా? నిజం చెప్పు.

*

చిరంజీవి పాదరసానికి,

పెట్టుకునే చూశాను. ఎరుపూ నీలమూ తెలీకుండానే ఇన్నాళ్లూ లాకు తలుపులు తీశానా? ఈ విడతా అంతే, తొట్టినిండా రెండు రంగులూ. పెద్ద పడవైనా చిన్న దోనె అయినా నా లాకు కిందికొచ్చి అక్కడే ఉండిపోయిందన్న మాట లేదు. పిల్లలు పాసయ్యారని ఏడ్చే మాస్టారిని నిన్నొక్కదాన్నే చూశాను.

ఇట్లు, లాకుల తాత

తా.క. పేర్లు పెట్టలేదు. ఎర్రవాటిలో ఒకదాన్ని మాత్రం 'బావగారు' అంటున్నాను. పడుకున్నచోటు నుంచి కదలడు, మర్యాదలన్నీ కావాలి.

*

తాతయ్యకి,

నా అనుమానం తప్పని శనివారం మేడమ్‌కి రాసిచ్చేస్తున్నాను. నువ్వేం బాధపడకు. నువ్వు చూసింది చూసినట్టు రాశావు, అది నాకు నచ్చలేదంతే. పెట్టె సర్దాను. నా కుర్చీ ఇంకా వసారాలోనే ఉందా?

నీ మనవరాలు

తా.క. కదలనివాడు పైకెలా వచ్చాడు తాతయ్యా?

*

ఏమే తల్లీ,

నేను, అమ్మమ్మని. పెట్టె విప్పెయ్. ఎవరికీ ఏమీ రాసివ్వకు.

నీ ఉత్తరం ఈయన చదివి, మడిచి, మళ్లీ విప్పి చదివి, కంచం ముందు బొమ్మలా కూర్చున్నారు. "చూసింది చూసినట్టు రాశానందే పిల్ల" అని ఒకటే గొణుగుడు. గట్టిగా నిలదీస్తే బయటపడింది. ఎర్రచుక్కలు ఒక్కటీ ఎక్కలేదట. గోడ కింద పడి ఉన్నాయట. ఈయన మెట్లు దిగి, నా టీ జల్లెడతో ఒక్కోదాన్నీ ఎత్తి తొట్టిలో వేశారట!

"ఇదేం పనండీ?" అంటే, "తొట్టిలో ఏమున్నాయని అడిగింది, ఉన్నవి రాశాను. సముద్రం నుంచి ఇంతదూరం వచ్చి గుమ్మంలో ఆగిపోతే చూస్తూ ఊరుకుంటానా? ఫెయిలైనవాటిని అక్కడ పారేస్తారేమో కూడాను" అన్నారు. కింది నీళ్లలోవాళ్లని పై నీళ్లకి చేర్చీ చేర్చీ అలవాటైపోయింది మనిషికి.

నీకు గుర్తుండదు. లాకు మెట్లు సగం ఎక్కి చతికిలబడేదానివి. ఈయన భుజానేసుకుని తెచ్చి, గుమ్మం ముందు దించి, "మొత్తం అదే ఎక్కిందే!" అనేవారు. నేను నమ్మినట్టు నోరు తెరిచేదాన్ని.

ఇంకో విడత పంపు. చాప దగ్గర నేను కూర్చుంటాను. ఈయన్ని వంటింట్లో కూర్చోబెడతాను. నీలివాటిలో ఒక్కదానికీ జల్లెడ అవసరం పడలేదని సమావేశానికొచ్చి తనే చెబుతారట.

మీ అమ్మమ్మ

తా.క. పక్కింటావిడకి ఏం మొహం పెట్టుకుని కనపడను?

ఇంకో తా.క. ఇది తాత. మీ అమ్మమ్మ చూడకుండా రాస్తున్నాను. ఈసారి చెయ్యి వెయ్యను, ఒట్టు. కానీ సమావేశం అయిపోయాక, గోడ కింద మిగిలినవాళ్లని ఎత్తొచ్చా? జల్లెడ ఇక వంటింటికి పనికిరాదంది. లాకు గదిలో మేకుకి తగిలించి ఉంచాను.