నో డౌట్స్, సిస్టర్

ఫిబ్రవరి 2, సోమవారం

పక్కింటి ఇంద్రమ్మత్త తన కూతురు ఉజ్వలను వెంటబెట్టుకుని వచ్చింది. టెన్త్ పరీక్షలు దగ్గరపడ్డాయి, కెమిస్ట్రీ ఎక్కడం లేదట. జర కూసుండవెట్టి చెప్పు భవితా, కాన్వెంట్ల సదివినదానివి, నీకు రానిదేముంటది అన్నది. నేను ఎం.ఏ. ఇంగ్లీష్ అని చెప్పబోయాను. అమ్మ ముందే అందుకుని, గంతేనా, రేపటి సంది తోలియ్ అనేసింది.

సైన్స్‌లో నాకు తొంభై ఆరు వచ్చిన మాట నిజమే. అన్నీ బట్టీ పట్టి తెచ్చుకున్నవి.

ఫిబ్రవరి 3, మంగళవారం

ఉజ్వల పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. నేను ఇంగ్లీషు పేజీనే చూశాను.

వాళ్ల స్కూల్ దివాకర్ సార్ ఇచ్చిన హోంవర్క్ ఒకటే లెక్క. పద్దెనిమిది గ్రాముల నీటిలో అణువులెన్ని? పరమాణువులెన్ని? ఒక మోల్ నీరు కాబట్టి అవగాడ్రో సంఖ్య. అది నాకు నిద్రలో కూడా వస్తుంది. రెండు ప్రశ్నలకూ అదే రాయించాను.

రెండూ ఒకటేనా అక్కా, అని అడిగింది ఉజ్వల.

నేను పెన్ను బల్ల మీద పెట్టి, కనుబొమలు పైకెత్తి, క్లాసులో విన్నావా అసలు, అన్నాను. అచ్చం మా కాన్వెంట్‌లో పాఠం చెప్పిన సిస్టర్ రోజ్ గొంతు. అది నా గొంతులోంచి ఎలా వచ్చిందో తెలియదు. ఉజ్వల తల వంచుకుని రాసుకుంది.

ఫిబ్రవరి 4, బుధవారం

రెండూ ఒకటే ఎలా అవుతాయి?

స్కూల్లో ప్రతి పీరియడ్ చివర సిస్టర్ ఎనీ డౌట్స్ అనేది. అందరం కలిసి నో డౌట్స్, సిస్టర్ అని ప్రేయర్‌లాగా పాడేవాళ్లం. వినీత్ ఒక్కడే చెయ్యెత్తేవాడు. తిట్లు తిని కూర్చునేవాడు. మళ్లీ ఎత్తేవాడు. మేం నవ్వేవాళ్లం. నేనూ నవ్వేదాన్ని.

ఇవాళ ఆ వినీత్‌కే మెసేజ్ పెట్టాను. మా కజిన్‌కు డౌట్ అని. వెంటనే చెప్పాడు. ఒక్కో నీటి అణువులో హైడ్రోజన్‌వి రెండు, ఆక్సిజన్‌ది ఒకటి, మొత్తం మూడు పరమాణువులు. కాబట్టి పరమాణువుల సంఖ్య మూడు రెట్లు. అంతే. కింద ఇంకో లైను: డౌట్ కజిన్‌దా, స్కూల్ టాపర్‌దా?

ఫోన్ దిండు కింద పెట్టేశాను.

ఫిబ్రవరి 5, గురువారం

తప్పు దిద్దుదామని వాళ్లింటికి వెళ్లాను. కందుకూరు నుంచి ఇంద్రమ్మత్త తమ్ముడు ఐలేష్ వచ్చి ఉన్నాడు. గీ పిల్లనే రా చెప్పేది, పైసల్ వెట్టి ట్యూషన్‌కు తోలే పనే లేదు అని అత్త నన్ను చూపించింది. ఐతే మా కోడలు పాలిటెక్నిక్ సీటు కొట్టినట్టే అని ఆయన కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. ఉజ్వల చాయ్ తెచ్చి ఇచ్చింది. నా వైపు గర్వంగా చూసింది.

చాయ్ తాగి వచ్చేశాను.

ఫిబ్రవరి 7, శనివారం

సార్ టెస్టు పెట్టారట. అదే లెక్క. ఉజ్వల రెండింటికీ ఒకే జవాబు రాసింది. క్లాసంతా చూస్తుండగా నిలబెట్టి, నీళ్లల్ల హైడ్రోజన్ యాడికి వోయిందే, ఎండకు ఎగిరివోయిందా అన్నారట. అందరూ నవ్వారు. ఎవరు చెప్పారని అడిగారు.

నీ పేరు చెప్పలేదక్కా, అన్నది. మా బాపు ఫోన్ల జూసి రాసిన అన్న.

నన్ను కాపాడానని సంతోషంగా చెప్పింది. నాకు ఆ గదిలోంచి ఎక్కడికైనా మాయమైపోవాలనిపించింది. తప్పు నాదే ఉజ్వలా అన్నాను. ఏం గాదక్కా, నేనే సరిగ వినకపోయి ఉంట అన్నది.

ఫిబ్రవరి 9, సోమవారం

ఉజ్వల ఏదీ అడగడం లేదు. చెప్పిందల్లా తలూపి రాసుకుంటోంది. భయమేసి, ఇప్పుడైనా అడుగుతుందేమో చూద్దామని, కార్బన్ డయాక్సైడ్ అణువులో రెండు పరమాణువులే అని కావాలనే తప్పు చెప్పాను. ఫార్ములా ఎదురుగా ఉంది. దాన్ని చూసింది. నన్ను చూసింది. రెండు అని రాసుకుంది.

ఒక లెక్క తప్పు చెప్తే దిద్దవచ్చు. నేను నేర్పింది లెక్క కాదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

ఏమన్నా డౌట్లున్నాయా అని అడిగాను. లేవక్కా అన్నది.

ఫిబ్రవరి 11, బుధవారం

పుస్తకం మూసి చెప్పేశాను. నువ్వు సరిగ్గానే విన్నావు, ఆ రోజు నీ ప్రశ్నే కరెక్టు, నాకే తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసి నిన్నే తప్పుపట్టాను. మొన్న కార్బన్ డయాక్సైడ్‌లో రెండు అని నేను చెప్పింది కూడా అబద్ధం, మూడు.

గోరు కొరుక్కుంది. తర్వాత మెల్లగా, మరి నీకు గన్ని మార్కులు ఎట్లచ్చినయక్కా, అన్నది.

చెంప మీద కొట్టినట్టయింది. కానీ అడిగింది! ఆ రోజు తర్వాత అడిగిన మొదటి ప్రశ్న. అన్నీ బట్టీయేనని చెప్పాను. ఐతే మా సారు స్పెషల్ క్లాసుకు రా, ఎనక బెంచీల జాగుంటది, నేనడుగుత సార్‌ని, అన్నది.

ఫిబ్రవరి 13, శుక్రవారం

చివరి బెంచీ. పక్కన ఉజ్వల. దివాకర్ సార్ డౌట్లా అన్నారు. చెయ్యెత్తాను. అన్ని తలలూ వెనక్కి తిరిగాయి. అడగాల్సింది మరిచిపోయాను.

చెయ్యి మాత్రం దించలేదు.