తెల్లకాగితాలతో సహా

ముందుగా జరిగినది, జరిగిన వరుసలో:

1. చిక్కడపల్లి కిరాయి ఇంట్లో నేనొక దీర్ఘకవిత వ్రాస్తూ వచ్చాను. రోజుకొక కాగితం. కలం ఆనించిన వేళను మూలన వేయడం, వ్రాస్తుండగా జరిగినదానిని ఆ వాక్యంలోనే చేర్చడం, కొట్టివేసిన పంక్తిని కొట్టివేతతో సహా ఉంచడం నా నియమాలు. “ఇంకెంతసేపు రాస్తవు? చాయ్ సల్లగైతుంది” అని నా భార్య నవనీత అన్న ప్రతిసారీ ఆ మాట కవితలో చేరింది.

2. నవనీత చనిపోయింది. ఆనాటి నుండి ప్రతి ఉదయం కాగితం ముందు కూర్చున్నాను. కలం ఆనలేదు గనుక వేళ వేయలేదు. ఆ తెల్లకాగితాలనూ వరుసలోనే పెట్టాను.

3. ఆమె తమ్ముడు కరుణాకర్ కవితను పుస్తకంగా కూర్చుతానని, కట్టను అశోక్‌నగర్‌లోని తన జిరాక్స్ దుకాణానికి తీసుకుపోయాడు. తెల్లకాగితాలను యంత్రంలో పెట్టి, పోటీ పరీక్షల పిల్లలకు నోట్సు తీసి ఇచ్చాడు. చివరి పంక్తి కింద ‘సమాప్తం’ అని చేర్చాడు. అడిగితే, “ఖాళీవే గదా బావా, ఎవలు చదువుతరు?” అన్నాడు.

4. ఎల్లుండి నాకు గుండె ఆపరేషన్.

కావున, గుండెబోయిన ప్రేమ్‌సాగర్ అను నేను, నలభై ఆరేళ్ల వాడను, ఏడో తరగతితో బడి మానినా నారాయణగూడలో ప్రూఫులు దిద్దుకొని బతికేవాడను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా వ్రాస్తున్నాను. నాకు ఏడుపు రావడం లేదు. దానిని మతిలోపమని ఎవరూ వాదించరాదు.

5. బ్యాంకు నిల్వ, ఇంటి సామాను, నిఘంటువులు నా కుమార్తె మహితకు చెందును. ఈ వీలునామాను అమలు చేయవలసినదీ ఆమెయే.

6. కవితపై సర్వహక్కులు మహితవే. పోయిన కాగితాలకు బదులు తెల్లవి చేర్చవలెను. అవి ఎన్నో నాకు తెలియదు. జీవితంలో నేను లెక్క వేయనివి అవే. ఎన్ని చాలునో మహిత మాటే తుది మాట. వాటిపై ఎవరూ ఏమీ వ్రాయరాదు, పుట అంకె కూడా.

7. నవనీత చాయ్ తాగిన స్టీలు గ్లాసు కరుణాకర్‌కు. వాడుకోవలెను, అద్దాల బీరువాలో పెట్టరాదు. అతడు తీసివేసినవి తన అక్క లేని ఉదయాలు. ‘సమాప్తం’ను అతడే తన చేతితో కొట్టివేయవలెను. నియమం ప్రకారం ఆ కొట్టివేత కనిపించవలెను.

8. తెల్లకాగితాల తరువాత ఈ వీలునామాను కవితలో తరువాతి కాగితంగా కూర్చవలెను. నేడు కలం ఆనింది.

సాక్షులు:
రాజ్యలక్ష్మి గారు, ఇంటి యజమానురాలు
ఎల్లేష్, తోటి ప్రూఫ్‌రీడరు

తేదీ: 11 ఫిబ్రవరి 2025

కలం ఆనించిన వేళ: ఉదయం 6.10

గుండెబోయిన ప్రేమ్‌సాగర్