పిన్ని ఇంటికి ఎర్రరంగు

అబ్బాయికి,

పిన్ని దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం, పరువొక్కటే పోయింది. మన ఏటి లోయకంతటికీ మీ ఆఫీసు తరఫున నువ్వు గీసిన పటాన్ని పోస్టాఫీసు గోడకి అంటించారు. అందులో మా ఇంటికి ఎర్రరంగు వేశావు. పక్కింటి దర్జీ ఆవిడకేమో ఆకుపచ్చ! పొద్దున్నుంచీ గుమ్మంలో నిలబడి నన్ను చూసి ఒకటే ముసిముసి నవ్వులు. మా ఇంట్లో ఉండి చదువుకున్నవాడివి, పిన్నికో మంచి రంగు వేయలేకపోయావా?

తలెత్తుకోలేకపోతున్న
మీ పిన్ని

తా.క. ఆకుపచ్చ అయిపోతే నీలమైనా సర్దుకుంటాను.

*

పిన్నికి నమస్కారాలు.

నీలమంటే ఏరు, పిన్నీ! ఎరుపంటే మీ వెనక కొండచరియ విరిగిపడే ప్రమాదం ఎక్కువని. దర్జీ ఆవిడ ఇంటి కింద గట్టి రాయి ఉంది, మీ వైపంతా మెత్తటి మట్టి. ఇది రక్షిత లోయ కాబట్టి కొండను తవ్వి అడ్డుగోడ కట్టనివ్వరు. వానలు ముదరకముందే ఇల్లు ఖాళీ చేయండి.

మీ మేలు కోరే
అబ్బాయి

తా.క. ఇది బాబాయికి కూడా చదివి వినిపించు.

*

అబ్బాయికి,

వినిపించాను. ‘ఖాళీ’ అన్న మాట దగ్గరే మీ బాబాయి లేచి నిలబడ్డారు. “రక్షిత లోయట! చేపల్నీ పిట్టల్నీ రక్షించి మనల్ని తరిమేస్తాడా?” అని ఒకటే చిందులు. మర్నాడు నిచ్చెన వేసుకుని ఇల్లంతా ఆకుపచ్చ రంగు కొట్టేశారు. ఇక నువ్వు పటం దిద్దడమే తరువాయి.

పచ్చగా ఉన్న
మీ పిన్ని

తా.క. రంగు కొట్టిన దగ్గర్నుంచి వంటింటి తలుపు మూసుకోవడం లేదు. పూత మందమైందంటున్నారు ఆయన.

*

పిన్నీ,

కొండకి రంగులు తెలియవు! తలుపు బిగుసుకుందంటే గోడ కదిలిందన్నమాట, కొండ జారుతోందన్నమాట. ఈ ఉత్తరం అందగానే, ఉన్నవాళ్లు ఉన్నట్టే బయల్దేరి వచ్చేయండి. మీ ఇద్దర్నీ తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

మీ
అబ్బాయి

తా.క. నన్ను ఎగువ కొండల కొలతలకి పంపుతున్నారు. లేకపోతే నేనే వచ్చి ఎత్తుకొచ్చేవాణ్ణి. జవాబు అక్కడి శిబిరానికి రాయి.

*

అబ్బాయికి,

నీ ఉత్తరం వచ్చేసరికి మీ బాబాయి ఆ తలుపుతో కుస్తీ పడుతున్నారు. కొండ, గోడ అని నేను చదివినంతసేపూ సుత్తి ఆగలేదు. నీకు నిద్ర పట్టడం లేదన్న చోట ఆగింది. “పిల్లాడు బెంగపెట్టుకున్నాడే! పద, ఒకసారి కనిపించి వద్దాం” అన్నారు. నువ్వు ఊళ్లో ఉండవన్న తా.క. దాకా నన్ను చదవనివ్వలేదు.

మేం బస్సెక్కిన సాయంత్రమే కొండ దిగి మన వంటింట్లోకి వచ్చేసింది. దర్జీ ఆవిడ మేం లోపలే ఉన్నామనుకుని బావురుమందట. కబురు తెలిశాక మీ బాబాయి, “వీడు చదువుకునేటప్పుడు నిజంగానే చదివాడే!” అన్నారు.

ప్రాణాలతో, నీ మీద బోలెడంత ప్రేమతో
పిన్ని

తా.క. ఇది నీ గదిలో, నీ బల్ల మీదే రాస్తున్నాను. నువ్వు అద్దెకుంటున్న ఇంటిగలావిడ తాళం ఇచ్చింది. మంచం మీ బాబాయికి, పరుపు నాకు. నువ్వు వచ్చేటప్పుడు ఒక చాప తెచ్చుకో.